నాన్న బ్రష్షుకు చరిత్రలో చోటుందా?

ప్రశ్న: మేడమ్, నమస్తే. మాది ప్రొద్దుటూరు. నా వయసు 23. బి.కాం. పూర్తిచేసి రెండేళ్లుగా ఒక ఫ్లెక్సీ షాపులో డిజైనర్‌గా పనిచేస్తున్నాను. మా నాన్న బోర్డులు రాసే ఆర్టిస్టు. గోడలు, షట్టర్లు, లారీలు అన్నీ రాసేవారు. ఫ్లెక్సీలు వచ్చాక పని తగ్గిపోయి ఇంట్లోనే ఉంటున్నారు. నేను డిజైన్ కాలేజీ ప్రవేశ పరీక్షకు చదువుతున్నాను. అందులో గ్రాఫిక్ డిజైన్ చరిత్ర ఉంది. గుహల్లో బొమ్మలు, సుమేరియా, రోమ్, గూటెన్‌బర్గ్, బౌహౌస్, స్విస్ శైలి అంటూ పేర్లు, తేదీలు బట్టీ పడుతున్నాను. ఎక్కడా మనం కనిపించడం లేదు. షాపు యజమాని ‘చరిత్ర ఎందుకు, ఖాళీ లేకుండా రంగులు నింపు’ అంటారు. నాన్న నా ఫ్లెక్సీలు చూసి ‘నీకు అక్షరం తెలియదురా’ అంటారు. కోపం వస్తుంది. ఈ చరిత్ర నా పనికి నిజంగా ఉపయోగపడుతుందా? మా నాన్న చేసిన పనికి ఇందులో చోటుందా?
– ఒక పాఠకుడు

సమాధానం:

నాయనా,

నీ రెండో ప్రశ్నకే ముందు జవాబు చెబుతాను. అది తేలితే మొదటిది దానంతటదే తేలుతుంది. మీ నాన్న పనికి ఈ చరిత్రలో చోటుంది. ఏ మూలనో కాదు, నువ్వు బట్టీ పడుతున్న రోమ్ అధ్యాయం నడిమధ్యలో ఉంది.

రోమ్ నగరంలో ట్రాజన్ చక్రవర్తి పేరున క్రీ.శ. 113లో నిలబెట్టిన స్తంభం ఒకటుంది. దాని పీఠం మీద ఆరు వరుసల శాసనం చెక్కారు. ఇంగ్లీషు పెద్దక్షరాలకు ఈనాటికీ అదే ఒరవడి. ఆ అక్షరాల గీతల చివర చిన్న చిన్న పాదాలు ఉంటాయి, వాటిని సెరిఫ్ అంటారు. అవి ఉలి వల్ల పుట్టాయని, రాతిలో గీతను శుభ్రంగా ముగించడానికి శిల్పి వేసిన చివరి దెబ్బలని చాలాకాలం అనుకున్నారు. 1968లో ఎడ్వర్డ్ కాటిచ్ అనే అమెరికన్ ఫాదరీ ఒక పుస్తకం రాసి, ఆ మాట సరికాదన్నాడు. చెక్కడానికి ముందు ఆ అక్షరాలను రాతి మీద చదునైన బ్రష్షుతో రాశారని, గీత సన్నబడటం, లావు కావడం, చివర పాదం తిరగడం అన్నీ బ్రష్షును తిప్పిన తీరు నుంచి వచ్చాయని వాదించాడు. ఉలి చేసింది ఆ గీతను అనుసరించడమే. ఈ వాదనను తర్వాత చాలామంది ఒప్పుకున్నారు. పండితులు ఏళ్ల తరబడి చూసిన శాసనంలో ఆయనకు మాత్రం బ్రష్షు ఎలా కనిపించింది? ఫాదరీ కాకముందు ఆయన షికాగోలో బోర్డులు రాసేవాడు.

ఈ సంగతి మీ నాన్నకు చెప్పు. ఇంకో మాట చెప్పక ముందే ఇది చెప్పు.

ఇక చరిత్ర సంగతి. పేర్లు, తేదీలు పరీక్షకు కావాలి, కాదనను. కానీ ప్రతి అధ్యాయం దగ్గర ఆగి మూడు ప్రశ్నలు అడిగితే ఆ తేదీలు వాటంతటవే గుర్తుంటాయి. రాసినవాడి చేతిలో ఉన్న పనిముట్టు ఏది? దేని మీద రాశాడు? చదివేవాడు ఎవరు, ఎంత దూరంలో నిలబడి చదువుతాడు? నాకు తెలిసినంతలో అక్షరం రూపాన్ని నిర్ణయించేవి ఈ మూడే. శైలుల పేర్లన్నీ తర్వాత వచ్చి అతికినవే.

సుమేరియాను తీసుకో. క్రీ.పూ. 3200 ప్రాంతంలో ఉరుక్ నగరంలో తడి మట్టి పలకల మీద రెల్లుపుల్లతో లెక్కలు రాసుకున్నారు. గొర్రెలు ఎన్ని, ధాన్యం ఎంత, కూలివాడికి కొలిచిన బీరు ఎంత. కావ్యాలు చాలా తర్వాతి మాట, రాత ముందు పుట్టింది పద్దుల కోసం. మొదట బొమ్మలే గీశారు. కానీ తడి మట్టిలో వంపు గీస్తే మట్టి లేచి గీత చెదురుతుంది. పుల్లను నొక్కి తీస్తే మాత్రం మేకు ఆకారంలో శుభ్రమైన గుర్తు పడుతుంది. అందుకని కాలం గడిచేకొద్దీ వంపులు పోయి మేకులే మిగిలాయి.

మన తాటాకు దగ్గర కథ తిరగబడింది. గంటంతో ఆకును గీకి, మసి పూసి తుడిస్తే గీతలో నలుపు నిలుస్తుంది. నారల వెంట తిన్నగా గీటు లాగితే ఆకు చీలే ప్రమాదం ఉంది కాబట్టి దక్షిణాది లిపులు గుండ్రబడ్డాయని పండితులు చెబుతూ వచ్చారు. ఒకచోట మట్టి వంపులను తీసేసింది, ఇంకోచోట ఆకు వంపులను పెంచింది. కడపలోని సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రంలో తాళపత్రాలు ఉన్నాయి. వెళ్లి, అడిగి, ఒక్క ఆకునైనా దగ్గరగా చూడు. బ్రౌన్ దొర 1820లో కడపకు వచ్చి, తర్వాత ఇక్కడే సొంత బంగళాలో పండితులను కూర్చోబెట్టి ఇలాంటి గ్రంథాలను కాగితం మీదికి ఎత్తి రాయించాడు. అది కూడా ఒక పనిముట్టు నుంచి ఇంకో పనిముట్టుకు అక్షరం మారిన ఘట్టమే.

‘ఎక్కడా మనం కనిపించడం లేదు’ అన్నావు. అది నీ భ్రమ కాదు. ఆ పుస్తకాలు ఎక్కువగా ఐరోపా, అమెరికా కాలేజీల కోసం రాసినవి. వాళ్ల గడప నుంచి వాళ్లు మొదలుపెట్టారు. నువ్వు నీ గడప నుంచి మొదలుపెట్టు. గుహల బొమ్మలంటే ఫ్రాన్సులోని లాస్కో గుహ పేరు చదివి ఉంటావు. మీకు దగ్గరే ముద్దనూరు మండలం చింతకుంటలో రాతిగుండ్ల మీద ఆదిమానవులు గీసిన ఎర్రటి బొమ్మలున్నాయి. ఆ మండలం పక్కనే ఎర్రగుంట్ల దగ్గరి కలమళ్లలో రేనాటి చోళుడు ఎరికల్ ముత్తురాజు ధనంజయుడు వేయించిన శాసనం దొరికింది. క్రీ.శ. 575 ప్రాంతానిది. పూర్తిగా తెలుగులో ఉన్న తొలి శాసనంగా దాన్నే చెబుతారు. పుస్తకాల్లో దాని నకలు దొరికితే మన నేటి అక్షరాలతో పోల్చి చూడు. తలకట్టు ఇంకా తలకట్టు కాలేదు, గీత మొదట్లో ఒక చిన్న పోటులాగా ఉంటుంది.

ఒక ఆదివారం ఖాళీ చేసుకుని గుత్తి మీదుగా కర్నూలు జిల్లా ఎర్రగుడికి వెళ్లి రా. పత్తికొండ దారిలో ఉంటుంది. అక్కడి బండల మీద అశోకుడి శాసనాలు ఉన్నాయి. భాష ప్రాకృతం, లిపి బ్రాహ్మి. పద్నాలుగు పెద్ద శాసనాలతో పాటు చిన్న శాసనం కూడా ఉంది. నువ్వు చూడవలసింది ఆ చిన్నదాన్నే. అందులో కొన్ని వరుసలు ఎడమ నుంచి కుడికి, కొన్ని కుడి నుంచి ఎడమకు నడుస్తాయి. సాలు చివర ఎద్దులను మళ్లించి మళ్లీ వెనక్కు దున్నినట్టు. గ్రీకులు కూడా ఒక కాలంలో ఇలాగే రాసేవారు, ఆ పద్ధతికి వాళ్లు పెట్టుకున్న పేరుకు అర్థమే ‘ఎద్దు మళ్లినట్టు’ అని. వరుస ఎటు నడవాలి, కన్ను ఎక్కడికి తిరిగి రావాలి అనే విషయం ఆ చిన్న శాసనంలో ఇంకా స్థిరపడలేదు. నువ్వు రోజూ కంప్యూటర్‌లో ఒక్క మీట నొక్కి ‘ఎడమకు’, ‘మధ్యకు’ అని సర్దేది ఎర్రగుడిలో చెక్కినవాడికి ఉలి పట్టుకుని తేల్చుకోవలసిన ప్రశ్న. ఆ బండ ముందు అరగంట నిలబడితే పుస్తకంలో పది పేజీలు చదివినంత.

అచ్చు దగ్గరికి వస్తే, గూటెన్‌బర్గ్‌తోనే అంతా మొదలైందని రాయవద్దు. చెక్క దిమ్మెలతో అచ్చువేసిన చైనా బౌద్ధ గ్రంథం వజ్రసూత్రం మీద క్రీ.శ. 868 నాటి తేదీ ఉంది. 1040ల్లో అక్కడే బీషెంగ్ అనే అతను కాల్చిన మట్టితో విడి అక్షరాలు చేశాడు. కొరియాలో 1377లోనే లోహపు అక్షరాలతో పుస్తకం వేశారు. గూటెన్‌బర్గ్ బైబిల్ 1455 ప్రాంతానిది. దానిలో నాకు నచ్చే సంగతి వేరే ఉంది. లాటిన్ రాయడానికి కొన్ని పదుల అక్షరాలు చాలు. ఆయన మాత్రం మూడు వందలకు దగ్గరగా లోహపు అక్షరాలు పోయించాడు. ఒకే అక్షరానికి సన్నవి, వెడల్పువి, జంట అక్షరాలు. వరుస చివర సమానంగా రావాలి, చేతిరాత పుస్తకంలాగే కనిపించాలి. కొత్త యంత్రం వచ్చిన తొలి రోజుల్లో పాత చేతిని అనుకరించడం అప్పటి నుంచీ ఉంది. మీ షాపులో అక్షరాల వెనక వేసే నీడ ఎక్కడిది అనుకుంటున్నావు? బోర్డు ఆర్టిస్టులు చేత్తో వేసిన షేడునే కంప్యూటర్ ఎత్తుకుంది. తేడా ఏమిటంటే, మీ నాన్నకు వెలుగు ఎటు నుంచి పడుతుందో తెలుసు, అందుకే నీడ అన్ని అక్షరాలకూ ఒకే వైపు పడేది.

తెలుగు అక్షరం తొలిసారి అచ్చయింది 1740లలో, జర్మనీలోని హాలే నగరంలో, బెంజమిన్ షుల్ట్జ్ అనే మతబోధకుడి పుస్తకాలతో. 1814లో బెంగాల్‌లోని శ్రీరాంపురంలో విలియం కేరీ అనే మతబోధకుడి తెలుగు వ్యాకరణం వచ్చింది. 1854లో చెన్నపట్నంలో వావిళ్ల రామస్వామి శాస్త్రులు ముద్రణశాల పెట్టారు. మన తాతల కళ్లకు అలవాటైన తెలుగు అచ్చు వావిళ్లవారిదే.

అచ్చుకు వాడే ఆ సీసపు అక్షరాల చివరి రోజుల్లో నేను వాటిని ఒక్కొక్కటే పేర్చే కంపోజిటర్‌ని. పద్దెనిమిదేళ్ల వయసులో కడపలో ఒక చిన్న ట్రెడిల్ ప్రెస్సులో చేరాను. ఇంగ్లీషుకు అక్షరాల అరపెట్టెలు, అంటే కేసులు, రెండు చాలేవి. తెలుగుకు గోడ పొడుగునా అరలు. గుణింతాలు వేరు, ఒత్తులు వేరు, జంటలు వేరు. అక్షరం తలకిందులుగా, అద్దంలో చూసినట్టు ఉంటుంది. దాని ఒంటి మీద చిన్న గాడి ఉంటుంది, అది బొటనవేలికి తగిలిందంటే సరిగ్గా నిలబడ్డట్టు. కళ్లు రాతప్రతి మీద, వేళ్లు అరల్లో. చేరిన మూడో నెలలో ఒక పెళ్లి శుభలేఖ కంపోజ్ చేశాను. కార్డు చిన్నది, పేర్లు ఎక్కువ. వరుసల మధ్య పెట్టే సీసపు పట్టీలు తీసేసి ఇరికించాను. కింది వరుస ఒత్తిడికి ‘సుబ్బమ్మ’లో బావొత్తు విరిగింది. ప్రూఫులో నేను గమనించలేదు. మూడు వందల కార్డులు అచ్చయ్యాక, పెళ్లికొడుకు అవ్వ స్వయంగా ప్రెస్సుకు వచ్చి, కార్డు నా ముందు పెట్టి, ‘నా పేరులో సగం ఎక్కడ పోయింది తల్లీ’ అని అడిగింది. తిట్టలేదు. ఆ కార్డులన్నింటి మీద పెన్నుతో ఒత్తు పెట్టుకుంటూ రాత్రి పదింటి దాకా కూర్చున్నాను.

ఇంగ్లీషు వరుసకు లేని ఇబ్బంది అది. తెలుగు వరుసకు మూడు అంతస్తులున్నాయి. పైన గుడి, ఎత్వం, తలకట్టు. మధ్య అక్షరం. కింద ఒత్తు, ఒక్కోసారి ఒత్తు కింద ఇంకో ఒత్తు. పరదేశపు సూత్రం ఏదైనా సరే ఈ మూడంతస్తుల ఇంట్లోకి పట్టుకొచ్చి చూడాలి. సరిపోతే ఉంచుకో, లేకపోతే వదిలేయి.

పంతొమ్మిదో శతాబ్దపు పోస్టర్లు త్వరగానే అర్థమవుతాయి. 1790లలో జర్మనీలో సెనెఫెల్డర్ రాతిముద్రణ కనిపెట్టాడు. సున్నపురాయి మీద నూనె సిరాతో నేరుగా గీయవచ్చు కాబట్టి సీసపు చట్రం నుంచి అక్షరానికి విడుదల దొరికింది. ఫ్రాన్సులో షెరే, తూలూజ్-లోట్రెక్ వేసిన పోస్టర్లు ఆ విడుదల నుంచి పుట్టినవే. అదే రాతిముద్రణతో రవివర్మ 1894లో పెట్టిన ప్రెస్సు లక్ష్మీ సరస్వతులను మన ఇళ్ల గోడలకెక్కించింది.

బౌహౌస్ దగ్గర మాత్రం నిదానంగా ఉండు. 1919లో వైమార్‌లో మొదలై, 1925లో డెసావుకు మారి, 1933లో నాజీల ఒత్తిడికి మూతబడిన బడి అది. పద్నాలుగేళ్లే బతికింది. ఆ బడి చిత్రకారులు క్లే, కాండిన్‌స్కీల బొమ్మలు 1922 డిసెంబరులోనే కలకత్తాలో ప్రదర్శించారు, కాబట్టి అది మనకు మరీ అంత పరాయిది కాదు. అక్కడి హెర్బర్ట్ బేయర్ 1925లో ఒక వర్ణమాల గీశాడు. పెద్దక్షరాలు, చిన్నక్షరాలు అని రెండు వరసలు ఎందుకు, ఒకే ధ్వనికి రెండు గుర్తులు ఎందుకు అని అడిగి, పెద్దక్షరాలను తీసేశాడు. జర్మనీలో అది పెద్ద తిరుగుబాటు. తెలుగుకు మొదటి నుంచీ ఉన్నది ఒకే వరస! అంటే వాళ్లు పోరాడి చేరదలచిన చోట మనం పుట్టుకతోనే ఉన్నాం. కానీ దానికి మనం చెల్లించే మూల్యం కూడా చూడు. ఇంగ్లీషువాడు ఒక మాటను ఎత్తి చూపాలంటే పెద్దక్షరాలు వేస్తాడు, లేకపోతే 1501 నుంచి వెనిస్ ముద్రాపకుడు ఆల్డస్ పుణ్యమా అని వాడుకలో ఉన్న వాలు అక్షరాలు వేస్తాడు. మనకు ఆ రెండూ లేవు. వాలు తెలుగు కంప్యూటర్ బలవంతంగా పడదోసిన అక్షరం, అంతే. కాబట్టి మనకు మిగిలేవి పరిమాణం, లావు, రంగు, చుట్టూ వదిలిన ఖాళీ. వీటిలో అన్నింటికన్నా బలమైనది ఖాళీ. మీ యజమాని నింపమంటున్నది దాన్నే.

ఇంకొక మనిషిని గుర్తుంచుకో. యాన్ చిఖోల్డ్ అనే జర్మన్ డిజైనర్. 1928లో కొత్త ముద్రణ పద్ధతి మీద పుస్తకం రాసి, పేజీని మధ్యకు సర్దడం పాతకాలపు అలవాటని, పాదాలు లేని అక్షరాలే ఈ కాలానివని గట్టిగా చెప్పాడు. 1933లో నాజీలు ఆయనను నిర్బంధించారు. బయటపడి స్విట్జర్లాండ్ వెళ్లాడు. తర్వాత తన సూత్రాల్లోనే ఒక పెత్తనపు ధోరణి ఉందని గ్రహించి, 1947-49 మధ్య ఇంగ్లండ్‌లో పెంగ్విన్ పుస్తకాలను తీర్చిదిద్దినప్పుడు మధ్యకు సర్దిన పేజీలు, పాదాలున్న అక్షరాలు నిస్సంకోచంగా వాడాడు. నిన్న రాసిన సూత్రాన్ని ఇవాళ్టి పుస్తకం ఒప్పుకోకపోతే పుస్తకం వైపే నిలబడ్డాడు. నాకు ఈ చరిత్రలో అందరికన్నా ఇష్టమైనవాడు ఆయనే.

స్విస్ శైలి, 1957లో మాక్స్ మీడింగర్ గీసిన హెల్వెటికా ఫాంటు, గళ్ల మీద కట్టిన పేజీలు నీకు పరీక్షలో తప్పకుండా వస్తాయి. చదువు, మెచ్చుకో. కానీ ఆ పోస్టర్లలోలాగా వరుసలను దగ్గరకు నొక్కి తెలుగు వేస్తే నా శుభలేఖ గతే పడుతుంది. గడి పద్ధతిని తీసుకో, వరుసల మధ్య దూరాన్ని మాత్రం తెలుగు ఒత్తును కొలిచి నిర్ణయించు. ఒక సంగతి కూడా రాసుకో. 1958లో చార్లెస్, రే ఈమ్స్ అనే అమెరికన్ డిజైనర్ దంపతులు భారత ప్రభుత్వానికి డిజైన్ మీద ఒక నివేదిక ఇచ్చారు. దాని ఫలితంగానే 1961లో అహ్మదాబాద్‌లో జాతీయ డిజైన్ సంస్థ వచ్చింది. దేశమంతా తిరిగి వాళ్లు అన్నింటికన్నా మెచ్చుకున్న వస్తువు చెంబు. దాన్ని ఫలానావాడు చేశాడని చెప్పలేం, తరతరాల చేతులు కలిసి చేశాయి.

ఇప్పుడు ‘నీకు అక్షరం తెలియదురా’ అన్న మాట. కోపం వచ్చిందన్నావు, వస్తుంది. కానీ ఆయన ఏం చూసి అన్నారో చూద్దాం. నువ్వు చేసిన ఫ్లెక్సీల్లో ఒకదాన్ని తీసుకో. ‘ధర తగ్గింపు’ అని ఉన్నది అనుకుందాం. అక్షరాలను అడ్డంగా సాగదీసి, చుట్టూ తెల్ల అంచు, దాని చుట్టూ ఎర్ర అంచు వేసి ఉంటావు. ‘ద’కూ ‘ధ’కూ తేడా కింద ఉన్న ఆ చిన్న గీటు ఒక్కటే. రెండు అంచులు పడేసరికి ఆ గీటు చుట్టూ ఉన్న సందు పూడిపోతుంది, రోడ్డు అవతలి నుంచి చూస్తే ‘దర’ అవుతుంది. ‘డ’, ‘ఢ’, ‘ప’, ‘ఫ’ అన్నింటిదీ ఇదే కథ. మీ నాన్న బ్రష్షుతో రాసినప్పుడు ఆ గీటును కావాలనే కాస్త పెద్దది చేసి, దూరంగా జరిపి ఉంటారు. ఎవరూ నేర్పకుండానే దూరం నేర్పిన విద్య అది. బోర్డుల పనిలో ఒక లెక్క ఉంది, పది అడుగుల దూరానికి అంగుళం ఎత్తు అక్షరం ఉంటే హాయిగా చదవవచ్చని. అది ఇంగ్లీషు అక్షరానికి. తెలుగులో ఒత్తులు, దీర్ఘాలు కూడా కనబడాలి కాబట్టి ఇంకా పెంచాలి.

యజమానితో వాదన పెట్టుకోకు. జీతం ఇచ్చే మనిషి, ఆయనకూ గిరాకీ నిలవాలి. ఒకే పనికి రెండు నమూనాలు చేయి. ఒకటి ఆయన చెప్పినట్టు నిండుగా, ఇంకొకటి నువ్వు నమ్మినట్టు. మాట తక్కువ, అక్షరం పెద్దది, చుట్టూ ఖాళీ. రెండూ కాగితం మీద తీసి, రోడ్డు అవతల గోడకు అంటించి, కొనుగోలుదారును షాపు మెట్ల మీద నిలబెట్టి చదవమను. ఫాంట్ల కోసం కూడా కొంచెం వెతుకు. మండలి, రామభద్ర లాంటివి ఉచితంగానే దొరుకుతాయి. చిన్న అక్షరాలకు ఏది, బోర్డుకు ఏది అని నీ కంటితోనే తేల్చుకో.

పరీక్షలో నీ చేతిపని ఏదైనా చూపమంటే ఫ్లెక్సీలు పెట్టకు. ఇది పెట్టు. ‘రాయలసీమ’ అనే మాటను నాలుగు రకాలుగా రాయి. తడి మట్టి మీద పుల్లతో, తాటాకు మీద సూదితో, కాగితం మీద చదునైన బ్రష్షుతో, కంప్యూటర్ మీద. పక్కపక్కన పెట్టి, ప్రతి పనిముట్టు ‘య’ను ఏం చేసిందో నాలుగు మాటల్లో రాయి. నువ్వు చదివిన చరిత్ర మొత్తం ఆ పలకల మీద కనిపిస్తుంది.

బ్రష్షుతో రాయవలసినది మాత్రం నువ్వు కాదు, మీ నాన్న. దారానికి సుద్దపొడి రాసి, రెండు చివరలా బిగబట్టి, మధ్యలో లాగి వదిలితే గోడ మీద గీత పడుతుంది చూడు, ఆ దారం ఒక కొస నువ్వు పట్టుకో. ఆయన ఏ గీతతో మొదలుపెడతారో, ఎక్కడ బ్రష్షు ఎత్తుతారో, తలకట్టు ముందు వేస్తారా చివర వేస్తారా వరుసగా రాసుకో. మధ్యలో ప్రశ్నలు వేయకు, చేయి ఆగిపోతుంది.

అంతకంటే ముందు ఆయన బ్రష్షులు ఎక్కడున్నాయో వెతుకు. ఇన్నేళ్లలో రంగు ఎండి కుచ్చు గట్టిపడి ఉంటుంది. ఒక డబ్బాలో టర్పెంటైన్ పోసి రాత్రంతా నాననివ్వు. కుచ్చు డబ్బా అడుగుకు తగలకుండా దారంతో వేలాడదీయి, లేకపోతే వంగిపోతుంది. పొద్దున వేళ్లతో నిదానంగా విడదీసి, సబ్బునీళ్లతో కడిగి, గుడ్డ మీద ఆరబెట్టు. బాగుపడినవాటిని ఆయన కూర్చునే చోట పెట్టు.

ఆయన రాసిన కాగితం ఫోటో తీసి నాకు పంపితే సంతోషిస్తాను.